ఖాళీ కడుపు సంతకం

కొండవలసలో అభ్యర్థనల పరిష్కార శాఖ వారి డివిజన్ కార్యాలయం ఒకటుంది. బోర్డు మీద పరిష్కారం అని రాసి ఉంది కాబట్టి లోపల మళ్ళీ ప్రత్యేకంగా చెయ్యనక్కర్లేదన్న నమ్మకంతో అది ముప్పై ఏళ్ళుగా నిక్షేపంగా నడుస్తోంది. దాని వెనక, సైకిల్ స్టాండుకీ నీళ్ళ ట్యాంకుకీ మధ్య రేకుల షెడ్డులో క్యాంటీను. పంతొమ్మిదేళ్ళుగా అక్కడ గరిటె పట్టుకున్న మనిషి వరహాలమ్మ.

వరహాలమ్మకి అక్షరం ముక్క రాదు గాని మనుషుల కడుపులు బాగా చదువుతుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెడతారంటారే, ఆ బాపతు. ఏ గుమాస్తా ఇంట్లో అలిగి ఉత్త కాఫీతో వచ్చాడో, ఏ అధికారికి రాత్రి తిన్నది ఇంకా అరగలేదో, మెట్ల దగ్గర మొహం చూసి చెప్పేస్తుంది. చెప్పి ఊరుకోదు, పిలిచి ఇంత పెట్టేదాకా ఆమెకి తోచదు.

ఆమెకున్నది ఒకటే బెంగ. కాలవ గట్టు మీద ఇరవై మూడు ఇళ్ళున్నాయి, అందులో ఒకటి ఆమెది. మొగుడు పోయాక ఒక్కర్తీ మట్టి తొక్కి, గోడ పెట్టి కట్టుకున్న ఇల్లు. దానికి పట్టా ఇప్పించమని పదకొండేళ్ళ కిందట ఇదే కార్యాలయంలో అర్జీ పెట్టుకుంది. ఫైలు మేడ మీద, మనిషి మేడ కింద, మధ్యలో పద్దెనిమిది మెట్లు. ఆ మెట్లు దిగి అధికారులు రోజూ వచ్చి ఆమె చేతి వంట తిని వెళ్తున్నారు గాని ఫైలు మాత్రం దిగడం లేదు. ఇది చాలదన్నట్టు ఈ ఏడు కాలవ గట్టు మీద ఊరి పెద్దలు పొద్దున్నే నడవడానికి బాట వెయ్యాలని ప్రతిపాదన వచ్చింది. తిన్నది అరగనివాళ్ళు నడవడం కోసం వండుకు తినేవాళ్ళ పొయ్యిలు పీకెయ్యాలన్నమాట. ఆ ఫైలూ మేడ మీదే ఉంది, కాకపోతే అది చురుగ్గా కదులుతోంది.

పరిస్థితి ఇలా ఉండగా శాఖ కమిషనర్ గారు అయిదు రోజుల శిక్షణకి వెళ్ళి ఒక కొత్త సంగతి నేర్చుకుని వచ్చారు. మనిషి ఆకలితో ఉంటే కాదంటాడట, కడుపు నిండితే సరేనంటాడట. ఈ ముక్క కొండవలసలో అత్తగారున్న ప్రతి కోడలికీ తెలుసు. అయితే కమిషనర్ గారు దాన్ని తెర మీద రంగురంగుల బొమ్మల్లో చూశారు కాబట్టి ఆయనకి నిద్ర పట్టలేదు. వచ్చిన మర్నాడే ఉత్తర్వు వెలువడింది.

"విషయము: అధికారుల ఉదర స్థితి, నిర్ణయములపై దాని ప్రభావము, మార్గదర్శకములు జారీ చేయుట గురించి. తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ప్రతి ఫైలునందును నిర్ణయమునకు పూర్వము సదరు అధికారి భుజించిన పదార్థములు, పరిమాణము, సమయము మరియు త్రేన్పులు ఉన్నచో వాటి సంఖ్య తప్పక నమోదు చేయవలెను. నమోదు చేయని నిర్ణయములు భుజించనివిగా పరిగణింపబడును."

డివిజనల్ అధికారి త్రిలోచనరావుగారు దాన్ని రెండుసార్లు చదివి వరహాలమ్మని మేడ మీదికి పిలిపించారు. పంతొమ్మిదేళ్ళలో ఆమెని మేడ మీదికి పిలవడం అదే మొదటిసారి. పట్టా వచ్చిందేమోనని చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఒక్క పరుగున వచ్చింది.

"నిన్న మధ్యాహ్నం నేనేం తిన్నాను?" అని అడిగారాయన.

"అదేటి బావూ, మీరు తిన్నది నన్నడుగుతారేటి? ఆవెట్టిన పనసపొట్టు, బెల్లం పులుసు, మజ్జిగ మిరపకాయలు. పులుసు రెండు మాట్లు ఏసుకున్నారు."

"రెండుసార్లా? ఆధారం ఉందా?"

"మీ సొక్కా మీద ఉంది గదా."

ఆయన చొక్కా చూసుకుని "ఆధారము కలదు" అని రాసుకున్నారు.

"అయ్యగోరూ, నా ఇంటి పట్టా సంగతి..."

"దానికీ దీనికీ సంబంధం లేదు. నువ్వు వెళ్ళు. అన్నట్టు ఇవాళేం కూర?"

అలా మూడు నెలలు గడిచాయి. జూనియర్ అసిస్టెంటు హైమవతి అని లెక్కల్లో దిట్ట అయిన పిల్ల ఒకతె ఉంది. పాపం ఆ ఉద్యోగంలో లెక్క వేసే అవసరం ఎప్పుడూ రాక ఆ పిల్ల బుర్ర తుప్పు పడుతోంది. మూడు నెలల భోజనాలూ ఒక పక్కా, నిర్ణయాలు ఒక పక్కా పెట్టి పట్టిక తయారుచేసింది. గుత్తివంకాయ నాడు వందకి ఎనభై మూడు అర్జీలు మంజూరు. కాకరకాయ నాడు వందకి ఆరు. ఎండు మెత్తళ్ళ చేపల పులుసు నాడు అడిగినవే కాక అడగనివి కూడా మంజూరు. ఇక త్రిలోచనరావుగారు కార్తీక సోమవారం ఉపవాసం ఉన్న నాడు వందకి వంద తిరస్కారం. ఆ వందలో ఆయన తనకోసం పెట్టుకున్న సెలవు చీటీ కూడా ఉంది. ఎదురుగా ఉన్న కాగితం ఎవరిదని చూడకుండా సాయంత్రానికి దాని మీద కూడా "తిరస్కరించడమైనది" అని రాసి పారేశారు.

ఈ పట్టిక పై కార్యాలయానికి చేరింది. ఎక్కడైనా అయితే, అధికార్లు సరిగ్గా చదివి సంతకం పెట్టండి అని ఒక మాట అనేవారు. మన శాఖ అలాంటి అడ్డదారులు తొక్కదు. కమిషనర్ గారు తెర మీద ప్రత్యక్షమై అన్ని డివిజన్లనీ ఉద్దేశించి ప్రసంగించారు.

"మిత్రులారా, ఫైలు చదివి నిర్ణయం తీసుకోవడమనే కాలం చెల్లిన విధానం నుంచి మనం విముక్తి పొందే శుభ తరుణం ఆసన్నమైంది. నిర్ణయం కూరలో ఉన్నప్పుడు ఫైలుతో పనేముంది? మంజూరు చెయ్యదలచిన రోజున వంకాయ, తిరస్కరించదలచిన రోజున కాకర. ఇది పారదర్శకత."

కొండవలసలో ఆ మర్నాటి నుంచి అర్జీదార్ల వరస మేడ మెట్ల దగ్గర కాక క్యాంటీను గుమ్మంలో మొదలైంది. పింఛను కావలసిన ముసలాయన బుట్టెడు లేత వంకాయలు తెచ్చి వరహాలమ్మ ముందు దింపాడు. బోరు అనుమతి కావలసిన రైతు ఒకడు, కాకరకాయలు అమ్మే మనిషిని ఊరి పొలిమేరలోనే ఆపి ఇంటికి పంపించేశాడు. తిరస్కారం అందుకున్న ఒక టీచరు, "ఆ రోజు అధికారి గారి కూరలో ఉప్పు ఎక్కువైన కారణంగా నాకు అన్యాయం జరిగినది" అని అప్పీలు వేసింది. విచారణకి ముగ్గురు సభ్యుల రుచి నిర్ధారణ కమిటీ దిగి, మూడు రోజులు మకాం వేసి, ఉప్పు ఎక్కువో తక్కువో తేల్చడం కోసం వండిందంతా ఊడ్చుకు తిని, ఇంకా నిర్ధారణ కాలేదని నాలుగో రోజు కూడా ఉంది. అన్నం చొరవే గాని అక్షరం చొరవ లేదన్న సామెత వీళ్ళని చూసే పుట్టుంటుంది.

వరహాలమ్మకి ఇదంతా తలనొప్పి. కూర అడిగితే వండుతుంది, ఇష్టమైతే ఇంకో ముద్ద పెడుతుంది, అంతవరకే ఆమె పని. ఇప్పుడు పోపు వేస్తుంటే చుట్టూ పదిమంది చేతులు జోడించి నిలబడుతున్నారు. ఒకాయనైతే ఆమె కాళ్ళ మీద పడబోయాడు. "లెగు బావూ, నాను వొండేదాన్ని, అమ్మోర్ని కాను" అని గసిరింది.

ఆ పూట మధ్యాహ్నం గిన్నెలు తోముతుండగా హైమవతి వచ్చి పక్కన చతికిలబడింది. మొహం వాడిపోయి ఉంది.

"పొద్దున్నేటి తిన్నావు తల్లీ?" అంది వరహాలమ్మ.

"తిన్నాను పిన్నీ. అది కాదు. నీ పట్టా ఫైలు పైకొచ్చింది."

వరహాలమ్మ చేతిలో గిన్నె జారి నీళ్ళలో పడింది. పదకొండేళ్ళ తర్వాత ఆ మాట. "ఏ రోజు పెడతారు? వంకాయలు నానే తెస్తాను" అంది సంబరంగా.

"అదే తంటా. అర్జీదారు చేతి వంట తిన్న అధికారి ఆ అర్జీ మీద నిర్ణయం తీసుకోకూడదని కొత్త నిబంధన పెట్టారు. ఈ ఆఫీసులో నీ వంట తినని వాళ్ళెవరు? త్రిలోచనరావుగారి దగ్గర్నుంచి రుచి కమిటీ దాకా అందరూ అనర్హులైపోయారు. అందుకని పై నుంచి ఇంకో ఆయన్ని పంపిస్తున్నారు, నిరాహార నిర్ణయాధికారి అని. ముందు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టుకోడట. ఖాళీ కడుపుతో పెట్టిన సంతకం శుద్ధ నిర్ణయం. దాని మీద అప్పీలు లేదు, ఇంకెవరూ మార్చడానికి లేదు."

"మరి ఖాళీ కడుపుతో ఎంతమందికి మంజూరైంది?"

హైమవతి తడి నేల మీద వేలితో సున్నా చుట్టింది. పట్టిక వేసింది ఆ పిల్లే.

"ఇంకోటుంది పిన్నీ. నడిచే బాట ఫైలు కూడా ఆయన దగ్గరికే వస్తోంది. నువ్వక్కడ ఉంటున్నావు కాబట్టి దానికీ మావాళ్ళు పనికిరారు. త్రిలోచనరావుగారు వరస రాసిచ్చేశారు. పదకొండింటికి నీ పట్టా. ఒంటిగంటకి అతిథి గృహంలో ఊరి పెద్దలు ఆయనకి విందిస్తున్నారు, రెండు రకాల మాంసం, గుత్తివంకాయ. మూడింటికి బాట."

"పెద్దలెడితే తినొచ్చేటి?"

"వాళ్ళు అర్జీదార్లు కారట. ప్రజాభిప్రాయమట."

వరహాలమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. పదకొండింటికి ఆకలి మీద తన పట్టా పోతుంది. మూడింటికి తిన్న మత్తులో ఇరవై మూడు ఇళ్ళూ పోతాయి. ఇదంతా చట్ట ప్రకారం, ఒకే రోజున, తన వంటే సాకుగా. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ వీళ్ళకి ఎందుకు వండి పెట్టానా అనిపించింది.

కాసేపటికి గిన్నె నీళ్ళలోంచి తీసి మళ్ళీ తోముతూ, "తల్లీ, ఆ పెద్దయ్యగోరు ఆ సోమారం నాడు సెలవు సీటీ కూడా కొట్టేసుకున్నారన్నావు గదా" అంది.

"ఔను."

"అంటే ఆకలిగా ఉన్నోడు ఏ కాయితమైనా కొట్టేస్తాడు. ఎవులిదని సూడడు."

హైమవతి తలెత్తి ఆమె వంక చూసింది. లెక్కలు తెలిసిన పిల్ల కాబట్టి రెండోసారి చెప్పించుకోలేదు.

నిరాహార నిర్ణయాధికారి కోదండపాణిగారు గురువారం పొద్దున్న పదిన్నరకి జీపు దిగారు. యాభై ఏళ్ళ మనిషి, చేతిలో బాధ్యత, మొహంలో నీరసం. వెనకాల ఒక గుమాస్తా, ఆయన దారిలో ఏమీ మింగలేదని రాసిన ధ్రువపత్రంతో దిగాడు. వరహాలమ్మ నీళ్ళ ట్యాంకు చాటు నుంచి చూసింది. నిన్న రాత్రి నుంచి కాదు, ఈయన నిన్న మధ్యాహ్నం నుంచే తినలేదు. నిబంధన కన్నా ఓ పూట ఎక్కువే పాటించే రకం. పెదాలు ఎండిపోయాయి, మెడ మీద నరం కొట్టుకుంటోంది. చూస్తే జాలేసింది, దాంతోపాటు భయమూ వేసింది.

క్యాంటీనులో ఆ రోజు ఎవరికీ వడ్డించరాదని నోటీసు అంటించారు. వండరాదని అందులో లేదు. వాసన గురించి అసలే లేదు. వరహాలమ్మ పొయ్యి రాజేసింది. నూనె కాగాక ఇంగువ వేసింది, మెంతులు వేయించింది, నూరిన మెంతికారం లేత వంకాయల్లో కూరి మూకుట్లో దించింది. పక్క పొయ్యి మీద ముద్దపప్పుకి నెయ్యి కాచింది. తలుపు బార్లా తీసి, విసనకర్రతో మేడ వైపుకి విసరడం మొదలుపెట్టింది.

మేడ మీద కోదండపాణిగారు కుర్చీలో కూర్చుని, "ప్రారంభిద్దాం. నిర్ణేత యొక్క జఠరం నిర్లిప్తంగా ఉన్నది" అని రాయించారు. సరిగ్గా అప్పుడే ఇంగువ వాసన వచ్చింది. ఆయన కలం ఒకసారి ఆగింది.

హైమవతి ఒక ఫైలు తెచ్చి ముందు పెట్టింది. త్రిలోచనరావుగారు గోడ పక్కన నిలబడి అది పట్టా ఫైలే అనుకున్నారు. ఆ శాఖలో అట్ట చూసి ఫైలు పోల్చుకోవడం ఆచారం, రెండిటికీ పసుపు అట్టే.

"ఏమిటిది?"

"కాలవ గట్టు విషయం సార్."

కోదండపాణిగారు అట్ట తిప్పారు. మెంతికారం వాసన కిటికీలోంచి లోపలికొచ్చి ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుంది. ఆయన నోట్లో నీళ్ళూరాయి. మింగితే నిబంధన ఉల్లంఘన అవుతుందేమోనని మింగలేదు.

"నడవడానికి బాటా?" అన్నారు నోట్లో నీళ్ళతోనే. "ఎవరు నడుస్తారు? ఎందుకు నడుస్తారు? మనిషికి నిలబడే ఓపిక లేకపోతే నడక ఒకటా?"

త్రిలోచనరావుగారు ఒక్క అంగలో ముందుకొచ్చారు. "సార్, అది మధ్యాహ్నం ఫైలు. తమరు భోజనం చేశాక..."

ఆ మాట అనకుండా ఉండవలసింది. భోజనం అన్న ముక్క వినగానే కోదండపాణిగారికి కళ్ళు ఎర్రబడ్డాయి. "నన్ను ప్రలోభపెడుతున్నారా?" అని, "తిరస్కరించడమైనది" అని రాసి, కింద గీత గీసి, సంతకం పెట్టారు. సంతకం మూడు కాగితాల కిందకి దిగింది. గుమాస్తా టైము వేసి, శుద్ధ నిర్ణయం అని ముద్ర గుద్దాడు.

"తరవాతిది" అన్నారు.

"బీరువా తాళం కనబడటం లేదు సార్, వెతికి తెస్తాను" అని హైమవతి వెళ్ళిపోయింది. తాళం ఆ పిల్ల గుప్పిట్లోనే ఉంది.

కోదండపాణిగారు పది నిమిషాలు చూశారు. తరవాత లేచి, ఎవరితోనూ చెప్పకుండా, గోడ పట్టుకుని పద్దెనిమిది మెట్లూ దిగారు. కాళ్ళు వాటంతటవే క్యాంటీను గుమ్మం దగ్గరికి తెచ్చి నిలబెట్టాయి. ఆయన గడప పట్టుకుని ఊగుతున్నారు.

ఈయన్ని ఇలాగే పైకి పంపితే పట్టా శాశ్వతంగా పోతుంది, ఓ ముద్ద పెడితే ఈయన అనర్హుడై ఫైలు ఎప్పట్లాగే పడి ఉంటుంది, ఇంకొకరి కోసం ఎదురుచూడచ్చు, ఇదీ లెక్క. కాని వరహాలమ్మ ఆ క్షణంలో లెక్క వేసిందని ఎవరైనా అంటే నమ్మకండి. బాట ఫైలు దగ్గర లెక్క వేసింది, విసనకర్ర పట్టుకుని మరీ వేసింది. ఇప్పుడు మాత్రం ఆమెకి కనిపించింది గుమ్మంలో పడిపోబోతున్న ఆకలి మనిషి ఒక్కడే. అతన్ని అంత ఆకలి పెట్టిందీ తనే కదా అని ఆమెకి సిగ్గేసింది.

"కూకోండి బావూ. ముందు కూకోండి" అని రెక్క పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టి, విస్తరి వేసి, ముద్దపప్పులో నెయ్యి వంచి, వంకాయలు నాలుగు వేసింది. ఆయన కాదనలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆరో ముద్దకి ఆయన భుజాలు దిగాయి. తొమ్మిదో ముద్దకి, "మీదే ఊరమ్మా?" అని అడిగారు.

విస్తరి ఖాళీ అయ్యేసరికి హైమవతి పసుపు అట్ట ఫైలుతో వచ్చి నిలబడింది. వెనకాల త్రిలోచనరావుగారు పాలిపోయిన మొహంతో ఉన్నారు. కోదండపాణిగారు ఎడమ చేత్తోనే ఫైలు విప్పి, మొదటినుంచీ చివరిదాకా చదివారు. ఆ ఫైలుని ఒక అధికారి చదవడం అదే మొదలు.

"ఇందులో ఆలోచించడానికేముంది? పదకొండేళ్ళ కిందటే ఇవ్వవలసిన పట్టా" అన్నారు. కలం కోసం జేబు తడుముకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయారు. "కాని నేనిప్పుడు అనర్హుణ్ణి. మీ వంట తిన్నాను."

"తినకపోతే ఏటి రాద్దురు?"

ఆయన నిజాయితీగల మనిషి, ఉన్నదున్నట్టు చెప్పారు. "తిరస్కరించేవాణ్ణి."

"తిననోడు లేదంటాడు, తిన్నోడు పనికిరానంటాడు. మరి నానెవులికి సెప్పుకోవాలి బావూ?" అంది వరహాలమ్మ. "పోనీ, ఇంటికాడ పెళ్ళాం చేతి కూడు కడుపునిండా తిని, ఇక్కడ ఏదీ ముట్టకుండా సంతకమెట్టే ఆపీసర్నొకర్ని అంపండి."

కోదండపాణిగారు తల అడ్డంగా ఊపారు. "లాభం లేదమ్మా. ఇంట్లో తిన్నవాడి నిర్ణయం మీద ఇంటి ప్రభావం ఎంత ఉంటుందని పరిశీలించడానికి కమిటీ వేశారు. నివేదిక వచ్చేదాకా పెళ్ళయిన అధికార్లందరూ అనుమానితులే."

వరహాలమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది.

"అయితే నా ఇల్లో?"

"ఇల్లెవరు కదుపుతారు? బాట నేను కొట్టేశాను. కొట్టేసినప్పుడు నా కడుపులో గుక్కెడు నీళ్ళు కూడా లేవు. ఇంక కమిషనర్ గారు దిగొచ్చినా దాన్ని మార్చలేరు." ఆయన ఖాళీ విస్తరి వైపు చూసి గొంతు తగ్గించారు. "ఆ ఫైలు ఇప్పుడు కనక నా ముందు పెట్టి ఉంటే మంజూరు చేసేవాణ్ణమ్మా. పెద్దలు పాపం నడుస్తారు కదా అనిపించేది."

వరహాలమ్మ ఆయన వంక తేరిపార చూసింది. ఇరవై మూడు పొయ్యిలు నిలబడింది ఇంత మంచి మనిషి నిన్న మధ్యాహ్నం నుంచి తినకపోవడం వల్లన్నమాట.

"మజ్జిగుందా?" అన్నారు కోదండపాణిగారు.

ఆమె అన్నం ఇంకో గరిటె వేసి, మజ్జిగ పోసింది.